కడపలో కట్టించుకున్న ఆర్కేడ్ స్టిక్: సాన్వా లీవరు, పికో బోర్డు పనితీరుపై సమీక్ష

కంప్యూటరులో ఫైటింగ్ ఆటలను శ్రద్ధగా ఆడేవారు ఆర్కేడ్ స్టిక్‌ను, అంటే ఒక పెట్టె మీద లీవరు, పెద్ద బటన్లు బిగించిన ఆట కంట్రోలరును, సొంతంగా తయారుచేసుకోవడం ఇప్పుడు కడపలాంటి ఊళ్లో కూడా సాధ్యమే. విడిభాగాలను ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, పెట్టెను మాత్రం మన చేతి కొలతకు తగ్గట్టు ఊళ్లోనే చేయించుకోవచ్చు. నేను వాడినవి జపాన్‌కు చెందిన సాన్వా డెన్షీ సంస్థ తయారుచేసే జేఎల్ఎఫ్-టీపీ-8వైటీ లీవరు, అదే సంస్థ ఓబీఎస్ఎఫ్-30 బటన్లు, వాటి కదలికలను కంప్యూటరుకు చేరవేసే రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు. వీటి గుణదోషాలతో పాటు, వీటిని బిగించే పై పలక గురించి కూడా ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఎంత మంచి లీవరైనా తగని పలకకు బిగిస్తే దాని గుణమంతా పోతుందని నా గట్టి అభిప్రాయం.

ముందుగా లీవరు సంగతి. దీని అడుగున నాలుగు దిక్కులకు నాలుగు మైక్రోస్విచ్‌లు (చిన్న నొక్కుడు స్విచ్‌లు) ఉంటాయి, చెయ్యి వదిలిన వెంటనే స్ప్రింగు కడ్డీని మళ్లీ నడిమికి తెస్తుంది. అయిదు తీగల కనెక్టరులో నాలుగు దిక్కులవి, ఒకటి గ్రౌండుది (అన్నిటికీ ఉమ్మడి తీగ) కాబట్టి లీవరుకు సోల్డరింగ్ పని ఉండదు. దీనితో పాటు వచ్చే గేటు, అంటే కడ్డీ ఎంతవరకు కదలాలో హద్దు పెట్టే అడుగు పలక, చతురస్రంగా ఉంటుంది. అష్టకోణపు గేటు జీటీ-వై అనే పేరుతో విడిగా దొరుకుతుంది, దానిని చేత్తోనే ఊడదీసి మార్చుకోవచ్చు. కొత్తవారు చాలామంది అష్టకోణం వైపు మొగ్గుతారు గానీ, చతురస్రాన్నే ఉంచుకొమ్మని నేను గట్టిగా చెబుతాను. ఎందుకంటే ఐమూల దిక్కులు పట్టడానికి అందులో చోటు ఎక్కువ, పైగా కడ్డీని ప్రతిసారీ గోడ దాకా నెట్టకుండా స్విచ్ టక్కుమనగానే చెయ్యి తిప్పడం అలవాటైతే కింద నుంచి ముందుకు తిప్పే పావు వృత్తపు కదలికలు చాలా తేలికగా వస్తాయి. స్ప్రింగు మాత్రం కొంత మెతక. బరువు చెయ్యి ఉన్నవారు కొంచెం గట్టి స్ప్రింగు విడిగా కొని వేసుకోవడం మంచిది.

ఇక పలక. మన వడ్రంగులు అల్మారాలకు వాడే 18 మి.మీ. ప్లైవుడ్ ఈ పనికి పనికిరాదు. పలక మందం పెరిగిన ప్రతి మిల్లీమీటరూ చేతికి అందే కడ్డీ పొడవులోంచే పోతుంది. దానికి తోడు ఓబీఎస్ఎఫ్ బటన్లకు రెండు పక్కలా ఉండే ప్లాస్టిక్ కొక్కేలు పలుచని పలకనే పట్టుకుంటాయి, మందపాటి చెక్కలో అవి విచ్చుకోవు. చెక్కే కావాలనుకునేవారు మరతో బిగించే ఓబీఎస్ఎన్-30 బటన్లు తీసుకొని, లీవరు వచ్చే చోట చెక్కను అడుగు వైపు నుంచి రూటరు అనే వడ్రంగి యంత్రంతో తొలిపించాలి, అది ఓపికతో కూడిన పని. అంతకన్నా మేలైన మార్గం చుట్టూ చట్రానికి 18 మి.మీ. ప్లైవుడ్ వాడి, పైన 2 మి.మీ. ఇనుప రేకు వేయించుకోవడం. కిటికీ గ్రిల్లులు చేసే వెల్డింగ్ షాపులో రేకును కొలతకు కోసి, 30 మి.మీ. హోల్‌సాతో (గుండ్రని రంధ్రాలు కోసే రంపపు బిళ్లతో) బటన్లకూ, 24 మి.మీ. హోల్‌సాతో కడ్డీకీ రంధ్రాలు వేసి ఇస్తారు. అంచులను ఆకురాయితో నున్నగా చేయించి, ప్రైమరు, రంగు వేయించుకుంటే తుప్పు బెడద ఉండదు. నేమ్‌బోర్డులు చేసేవారి దగ్గర అక్రిలిక్‌ను లేజరుతో కోయించుకోవచ్చు గానీ, 3 మి.మీ. అక్రిలిక్ ఒక్కటే ఉంటే మణికట్టు బరువుకు కిందికి వంగుతుంది.

బటన్ల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. తేలికగా దిగుతాయి, వెంటనే లేస్తాయి, తీగలకు 2.8 మి.మీ. క్లిప్పులు సరిపోతాయి. వేలు ఊరకే ఆనించినా నొక్కుకునేంత సున్నితంగా ఉండటం మొదట్లో ఇబ్బందే.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది బోర్డు. 2021 జనవరిలో 4 డాలర్ల ధరతో విడుదలైన పికోలో జీపీ2040-సీఈ అనే ఉచిత ఫర్మ్‌వేరును (బోర్డును నడిపే సాఫ్ట్‌వేరును) వేయడానికి ప్రోగ్రామింగ్ ఏమీ రానక్కరలేదు. బోర్డు మీది బూట్‌సెల్ బటను నొక్కి పట్టుకొని యూఎస్‌బీకి కలిపితే అది పెన్‌డ్రైవులా కనిపిస్తుంది, అందులోకి ఫైలును కాపీ చేస్తే చాలు. ప్రతి బటనుకూ ఒక తీగ పికో పిన్నుకు, రెండోది గ్రౌండుకు వెళ్తుంది. గ్రౌండు తీగను ఒక బటను నుంచి మరో బటనుకు గొలుసుగా కలుపుకుంటూ పోవచ్చు. పైకి, కిందికి, కుడి, ఎడమ దిక్కులకు వరుసగా 2, 3, 4, 5 జీపీ పిన్నులు కేటాయించి ఉంటాయి. కడ్డీని పైకి నెడితే అడుగున దానికి ఎదురు వైపు స్విచ్ నొక్కుకుంటుంది కాబట్టి, దిక్కులు తారుమారైనట్లు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. స్టార్ట్ బటను నొక్కి పట్టి స్టిక్‌ను కంప్యూటరుకు కలిపి, బ్రౌజరులో 192.168.7.1 తెరిస్తే పిన్నులన్నీ అక్కడే మార్చుకోవచ్చు.

ఆన్‌లైన్‌లో లీవరు, బటన్లు, పికో చేసే పనే చేసే ఎన్‌కోడరు బోర్డు కలిపి చవకగా అమ్మే బ్రాండు లేని కిట్‌ను కూడా ఇదే పెట్టెలో బిగించి చూశాను. దాని లీవరు నడిమిలో వదులుగా ఊగింది, ఐమూల దిక్కులు ఒక్కోసారి నమోదు కాలేదు. సెకనుకు 60 ఫ్రేములతో (తెర మీద మారే బొమ్మలతో) నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లే. సరిగ్గా ఒకే ఫ్రేములో బటను పడాల్సిన చోట బోర్డు తనవంతుగా కొన్ని మిల్లీసెకన్లు తినడం తేలికగా తీసుకోదగినది కాదు. పికో మీది ఈ ఫర్మ్‌వేరు సెకనుకు 1000 సార్లు కంప్యూటరుకు సమాచారం అందిస్తుంది. డబ్బు తక్కువగా ఉంటే కిట్ బటన్లతోనే మొదలుపెట్టి, బోర్డును మాత్రం పికోగా మార్చుకొమ్మని, ఆ తర్వాత లీవరు కొనుక్కొమ్మని సలహా ఇస్తాను.

ఆట వేడెక్కినప్పుడు తేలికపాటి పెట్టె టేబులు మీద జరిగిపోతుంది. దీనికి పరిష్కారం మన ఊళ్లోనే ఉంది. బండల దుకాణంలో మిగిలిన ముక్కల్లోంచి 30 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు, ఒకటిన్నర సెం.మీ. మందం ఉన్న కడప బండను కోయించి పెట్టె అడుగున బిగిస్తే దాదాపు రెండున్నర కిలోల బరువు వస్తుంది. లోపలి ఎత్తు 6 సెం.మీ. ఉంటే లీవరు అడుగు బండకు తగలదు. బండ కింద రబ్బరు కాళ్లు అతికించుకుంటే ఇక పెట్టె కదలదు. ఒడిలో పెట్టుకొని ఆడేవారికి మాత్రం ఈ బరువు తగదు.

కొనేముందు తెలుసుకోవలసిన పరిమితి ఒకటుంది. ఈ స్టిక్ కంప్యూటరుకూ నింటెండో స్విచ్‌కూ నేరుగా పనిచేస్తుంది. ప్లేస్టేషన్ 4 మాత్రం కంట్రోలరు ధ్రువీకరణ, అంటే అది అనుమతి పొందిన కంట్రోలరే అన్న రుజువు, అడుగుతుంది, అది లేకుంటే సుమారు 8 నిమిషాల తర్వాత స్టిక్ స్పందన ఆగిపోతుంది. ప్లేస్టేషన్ మీదే ఆడేవారు ధ్రువీకరణ సౌకర్యం ఉన్న బోర్డును గానీ, అడాప్టరును గానీ ఎంచుకున్నాకే రేకుకు రంధ్రాలు వేయించుకోవాలి, ఎందుకంటే అదనపు యూఎస్‌బీ సాకెట్టుకు పెట్టె వెనుక చోటు వదలవలసి రావచ్చు.