పెద్ద ఆర్‌సీ ట్రక్కుకు స్టీరింగ్ మార్చిన రెండేళ్ళ తర్వాత: సర్వో ఒక్కటే ఎందుకు చాలలేదు

నా ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) ట్రక్కు 1/5 స్కేల్‌ది, అంటే అసలు బండిలో అయిదో వంతు సైజు, ఎలక్ట్రిక్. రెండు 4ఎస్ (నాలుగు సెల్స్ ఉన్న) లైపో బ్యాటరీలు పెట్టాక బరువు పది కేజీలు దాటుతుంది. ఒక్కో టైరు దాదాపు 20 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. పరుగులో దీనికి వంక పెట్టే పని ఎప్పుడూ రాలేదు. బాధంతా మలుపు దగ్గరే. ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పితే సర్వో (ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు) మూలిగేది, టైర్లు సగం దాకా తిరిగి అక్కడే నిలిచిపోయేవి. ఒత్తుగా పెరిగిన గడ్డిలో ఆ సగం కూడా దక్కేది కాదు. వేగం మీద థ్రాటిల్ వదలకుండా తిప్పితే బండి నేరుగా పోతూనే ఉండేది. ప్రతి మలుపు ముందూ థ్రాటిల్ వదిలేసి, ముందు చక్రాల మీదకు బరువు వచ్చాక తిప్పడం అలవాటు చేసుకోవాల్సి వచ్చింది.

అందరూ చేసే పనే నేనూ చేశాను. బండితో వచ్చిన సర్వో తీసేసి పెద్దది పెట్టాను. పాతది 17 కేజీల టార్క్‌ది, కొత్తది 50 కేజీలది. ఈ కేజీలంటే ఏమిటో నాకు అప్పటికి సరిగ్గా తెలియదు. షాఫ్ట్ మధ్య నుంచి ఒక సెంటీమీటర్ దూరంలో సర్వో ఎంత బరువు లాగగలదో చెప్పే లెక్క అది. హార్న్ (సర్వో షాఫ్ట్‌కు బిగించే చేయి) పొడవు రెండున్నర సెంటీమీటర్లయితే 50 కేజీల సర్వో లింకును (హార్న్ నుంచి చక్రాల వైపు వెళ్ళే కడ్డీని) లాగేది 20 కేజీల బలంతోనే. పైగా డబ్బా మీద రాసే అంకె సాధారణంగా ఎక్కువ వోల్టేజీ దగ్గరిది. నా సర్వోకు ఆ అంకె 7.4 వోల్టుల దగ్గర వస్తుంది. ట్రక్కు ఈఎస్‌సీలో (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరంలో) ఉన్న బీఈసీ (బ్యాటరీ వోల్టేజీని తగ్గించి రిసీవర్‌కు, సర్వోకు ఇచ్చే భాగం) ఇచ్చేది 6 వోల్టులు. అంటే మొదటి రోజు నుంచే సర్వో తన పూర్తి బలంతో పనిచేయలేదు.

అయినా తేడా తెలిసింది. సరిగ్గా వారం సంతోషంగా నడిపాను. తర్వాత ఒకరోజు రాళ్ళ మధ్య పూర్తిగా కుడికి తిప్పి పట్టుకున్నప్పుడు స్టీరింగ్, థ్రాటిల్ రెండూ ఒక్క క్షణం చచ్చిపోయి మళ్ళీ వచ్చాయి. రేడియో రేంజ్ సమస్య అనుకుని యాంటెన్నా మార్చాను, ఫలితం లేదు. అసలు కారణం కరెంటు. ఇంత పెద్ద సర్వో బిగుసుకుపోయినప్పుడు ఆరేడు ఆంపియర్లు సులువుగా లాగేస్తుంది. బీఈసీ అంత ఇవ్వలేక వోల్టేజీ పడిపోతుంది, దాంతో రిసీవర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. పది కేజీల బండి అరక్షణం పాటు చేతిలో లేకపోవడం చిన్న విషయం కాదు. ఆ రోజే ఫెయిల్‌సేఫ్ సరిచూసుకున్నాను. సిగ్నల్ పోతే థ్రాటిల్ న్యూట్రల్‌కో బ్రేకుకో వెళ్ళాలి. ఈ సెట్టింగ్ చేయకుండా ఇంత బండిని బయటికి తీయకూడదని గట్టిగా చెబుతాను.

బయటి బీఈసీ పెట్టడం నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అతి ముఖ్యమైనది. అందుకే దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. నా రెండు 4ఎస్ ప్యాకులు కలిపితే 8ఎస్, నిండుగా ఉన్నప్పుడు 33.6 వోల్టులుంటాయి. మార్కెట్లో దొరికే చాలా బీఈసీలు 6ఎస్ వరకే తట్టుకుంటాయి కాబట్టి కొనేముందు ఆ అంకె చూడాలి. నా బండిలో రెండు ప్యాకులు సిరీస్‌లో ఉంటాయి. వైరింగ్ తగ్గుతుందని పై ప్యాకు (పాజిటివ్ వైపుది) ఒక్కదానికే బీఈసీ తగిలించకూడదు. దాని నెగటివ్, ఈఎస్‌సీ నెగటివ్ ఒకటి కాదు. రిసీవర్ గ్రౌండ్ ద్వారా రెండూ కలిశాయంటే షార్ట్ అయినట్టే. కింది ప్యాకుకు (నెగటివ్ వైపుదానికి) తగిలిస్తే నడుస్తుంది, కానీ ఆ ఒక్క ప్యాకే ఎక్కువ ఖాళీ అవుతుంది. అందుకే మొత్తం 8ఎస్ మీదే పెట్టాను. ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కు వచ్చే ఎర్ర వైరును పిన్ నుంచి తీసి టేపు చుట్టాను, లేకపోతే రెండు బీఈసీలు ఒకదానిమీద ఒకటి పనిచేస్తాయి. సర్వో పవర్‌ను కూడా రిసీవర్ గుండా పంపలేదు. ఆ సన్నటి పిన్నులు అంత కరెంటు మోయడానికి చేసినవి కావు. బీఈసీ నుంచి నేరుగా సర్వోకు ఇచ్చి, సిగ్నల్, గ్రౌండ్ మాత్రం రిసీవర్ నుంచి తీసుకున్నాను. 7.4 వోల్టులు పెట్టిన రోజు కొత్త సర్వో కొన్నట్టే అనిపించింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా రిసీవర్ ఆగలేదు.

అంత చేసినా గడ్డిలో టైర్లు పూర్తిగా తిరగలేదు. ట్రక్కును నేలమీద పెట్టి, రెండు ముందు టైర్లనూ చేతులతో గట్టిగా పట్టుకుని, పక్కవాళ్ళను ట్రాన్స్‌మిటర్ తిప్పమన్నాను. సర్వో హార్న్ చక్కగా తిరుగుతోంది, టైర్లు మాత్రం కదలడం లేదు. మధ్యలో సర్వో సేవర్ (దెబ్బ తగిలినప్పుడు వదులై సర్వోను కాపాడే భాగం) స్ప్రింగ్ నలిగిపోయి బలాన్నంతా మింగేస్తోంది. పాత సర్వో బలానికి సరిపోయేలా పెట్టిన స్ప్రింగ్ అది. సర్వో మార్చే ముందే ఈ పరీక్ష చేసి ఉంటే సగం పని అప్పుడే అర్థమయ్యేది. అదే పరీక్షలో ఇంకోటి కూడా కనిపించింది. సర్వో బిగించిన ప్లాస్టిక్ ప్లేటు వంగుతోంది, సర్వో మొత్తంగా ఒక పక్కకు ఒరుగుతోంది. దాని స్థానంలో అల్యూమినియం ప్లేటు వేశాను.

స్ప్రింగ్ విషయంలో తొందరపడ్డాను. సేవర్ అసలు వద్దని తీసేసి హార్న్‌ను నేరుగా లింకుకు కలిపాను. నడపడం అద్భుతంగా ఉంది, వేలు కదిలితే టైరు కదిలేది. నెల తిరక్కుండా ఒక జంప్ తర్వాత ముందు కుడి చక్రం పక్కకు నేలను తాకి సర్వో లోపల గేరు పళ్ళు రెండు విరిగాయి. స్టీల్ గేర్లే, అయినా విరిగాయి. ఇంత బరువున్న బండి గాల్లోంచి దిగితే ఆ దెబ్బ ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి కదా. గేర్ సెట్ మార్చి, ఈసారి గట్టి స్ప్రింగ్ ఉన్న సేవర్ పెట్టాను. నిలబడి ఉన్నప్పుడు టైర్లు పూర్తిగా తిరుగుతాయి, గోడకు తగిలితే మాత్రం వదులుతుంది. ఆ గేర్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

బెల్‌క్రాంక్‌లు (సర్వో కదలికను రెండు ముందు చక్రాలకూ అందించే చేతులు) మార్చడం చివర్లో చేశాను, నిజానికి అది మొదట చేయాల్సింది. కంపెనీ నుంచి వచ్చినవాటిలో బేరింగుల బదులు ప్లాస్టిక్ బుష్‌లు (చిన్న గొట్టాలు) ఉంటాయి. దుమ్ము చేరి అవి అరిగితే ముందు చక్రాలు రెండు పక్కలకూ వదులుగా ఊగుతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. అక్కడ ఆ వదులుతనం అంటే నేరుగా నడపడానికి ఆగకుండా సరిదిద్దుతూ ఉండటమే. బేరింగులున్న అల్యూమినియం సెట్ వేశాక ఆ టెన్షన్ పోయింది. ఈ రెండేళ్ళలో బేరింగులు రెండుసార్లు మార్చాను, రెండుసార్లూ బురదే కారణం. రబ్బరు సీలున్నవే తీసుకోండి. నకుల్స్‌ను (చక్రాన్ని పట్టుకుని తిరిగే భాగాలను), టై రాడ్లను (బెల్‌క్రాంక్‌ను నకుల్‌కు కలిపే కడ్డీలను) మాత్రం ప్లాస్టిక్‌వే ఉంచాను. అన్నీ లోహంవి చేస్తే చట్రంలో స్తంభాలు విరుగుతాయేమోనని నా భయం. టై రాడ్ మార్చడం పది నిమిషాల పని, చట్రం మార్చాలంటే బండి మొత్తం విప్పాలి.

బిగించేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. సర్వో షాఫ్ట్ మీద పళ్ళు అన్ని కంపెనీలకూ ఒకటి కావు. ఫుటాబా పద్ధతిలో 25, హైటెక్‌లో 24, జేఆర్‌లో 23 ఉంటాయి. హార్న్ కొనేముందు లెక్క చూసుకోవాలి. ముందు సర్వోకు కరెంటిచ్చి అది మధ్యకు వచ్చాక మాత్రమే హార్న్ పెట్టాలి. 25 పళ్ళదైతే ఒక పన్ను జరిగినా 14 డిగ్రీలకు పైగా తేడా వస్తుంది. మిగిలిన కొంచెం తేడాను ట్రాన్స్‌మిటర్‌లో మధ్య స్థానాన్ని సరిదిద్దే సబ్ ట్రిమ్‌ సెట్టింగ్‌తో సరిచేయవచ్చు. ఆ తర్వాత ఎండ్ పాయింట్లు, అంటే సర్వో రెండు పక్కలకూ ఎంతవరకు తిరగాలో ట్రాన్స్‌మిటర్‌లో పెట్టే హద్దులు. ఇది వదిలేస్తే చక్రాలు స్టాపులకు తగిలాక కూడా సర్వో ఇంకా నెడుతూనే ఉంటుంది, వేడెక్కి కాలిపోతుంది. పూర్తిగా తిప్పి పట్టుకున్నప్పుడు సర్వో నుంచి గుర్రుమనే శబ్దం ఆగేవరకు ఒక్కో అంకె తగ్గించుకుంటూ రావాలి. హార్న్ స్క్రూకు, బెల్‌క్రాంక్ స్క్రూలకు థ్రెడ్ లాక్ (స్క్రూ ఊడకుండా పట్టే జిగురు) తప్పనిసరి. నాది ఒకసారి ఊడింది, బండి చెరువు గట్టు దిగి ముళ్ళపొదలో ఆగింది.

ఇదంతా చేస్తే కొందరు అనుకుంటున్నట్టు టర్నింగ్ సర్కిల్ (బండి గుండ్రంగా తిరగడానికి పట్టే చోటు) చిన్నదైపోదు. చక్రం ఎంత కోణం వరకు తిరుగుతుందనేది నకుల్ స్టాపులు, యాక్సిల్ జాయింట్లు తేల్చాల్సిన విషయం, సర్వో చేతిలో లేదు. మారింది ఏమిటంటే, ఉన్న కోణమంతా ప్రతిసారీ దొరుకుతుంది. బురదలో, గడ్డిలో, ఆగి ఉన్నప్పుడు, థ్రాటిల్ మీద ఉన్నప్పుడు కూడా. వేగం మీద థ్రాటిల్ పట్టుకునే మలుపు తిప్పగలుగుతున్నాను. ముందు భాగం తేలిపోయినప్పుడు ఇప్పటికీ నేరుగానే పోతుంది, అది బరువు సంగతి. బ్యాటరీ సమయంలో నేను గమనించేంత తేడా రాలేదు.

కొత్తగా చేసేవాళ్ళయితే ముందు టైర్లు పట్టుకుని తిప్పే పరీక్ష చేయండి. సేవర్ వదులుగా ఉంటే దాన్ని, బుష్‌లు ఊగుతుంటే వాటిని మార్చండి. చదునైన నేలమీద మాత్రమే నడిపేవాళ్ళకు ఈ రెండే సరిపోవచ్చు. సర్వో దాకా వెళ్ళాల్సి వస్తే బీఈసీని కూడా దాంతోపాటే తీసుకోండి. నా దగ్గర ఇప్పుడు మిగిలిన ఫిర్యాదు టై రాడ్ చివర్లలోని బాల్ జాయింట్లు. మూడు నాలుగు నెలలకోసారి వదులవుతున్నాయి. వచ్చేసారి విప్పినప్పుడు దుమ్ము లోపలికి చేరకుండా రబ్బరు తొడుగులు వేసి చూడాలనుకుంటున్నాను.