పాలూ నెయ్యీ ముట్టనివారికి యురేకా పట్టణం, రెడ్‌వుడ్ అడవులు

ఉత్తర కాలిఫోర్నియాలో సముద్రపు ఒడ్డున ఉన్న యురేకా పట్టణానికి ఈ వేసవిలో వెళ్ళి మూడు రాత్రులు ఉండి వచ్చాము. నేనూ మా వారూ వీగన్లము. మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేసి ఆరేళ్ళయింది. తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అమ్మ శాకాహారి, పెరుగన్నంతో ముగియని భోజనాన్ని ఆమె భోజనంగా లెక్కపెట్టదు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 101వ నంబరు రహదారి మీద ఉత్తరంగా సుమారు 270 మైళ్ళు ప్రయాణం చేసి చేరవలసిన ఊరు ఇది. చేపలకూ ఆల్చిప్పలకూ పేరుమోసిన రేవులో మనకేం దొరుకుతుందని స్నేహితులు చాలామంది ప్రయాణానికి ముందే సందేహం వెలిబుచ్చారు. వారి కోసమే ఈ సమీక్ష. నా అభిప్రాయం మొదటే చెబుతాను: పొయ్యి ఉన్న గది తీసుకుని వండుకునేవారికి యురేకా ఎంతో అనువైన ఊరు, హోటళ్ళ మీదే ఆధారపడేవారికి మాత్రం పూట పూటకూ ప్రయాస తప్పదు.

మొదటి రాత్రి అలసిపోయి ఉన్నాము కనుక రేవు దగ్గరి ఒక రెస్టారెంటుకు వెళ్ళాము. కూరగాయల సూప్ అని రాసి ఉన్నది చూసి అడిగితే, వడ్డించే అబ్బాయి లోపలికి వెళ్ళి కనుక్కుని వచ్చి, అందులో కోడిమాంసం ఉడికించిన నీరు ఉంటుందని చెప్పాడు. బంగాళాదుంప వేపుడు చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తారట. రొట్టెకు అప్పటికే వెన్న రాసి ఉంది. చివరకు చీజ్ తీయించిన సలాడ్‌తో సరిపెట్టుకుని, ముగ్గురికీ కలిపి పెద్ద మొత్తమే చెల్లించి, సగం ఆకలితో గదికి చేరాము. ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా, ఓపికగా సమాధానం చెప్పాడు. లోటు అతనిది కాదు. కాలిఫోర్నియాలో పెంచే ఆల్చిప్పల్లో అధికభాగం ఈ హంబోల్ట్ అఖాతంలోనివే కావడంతో ఇక్కడి వంట సహజంగానే వాటి చుట్టూ అల్లుకుంది. అందువల్ల "ఇది శాకాహారమేనా" అని అడిగి ఊరుకోవద్దు. ఉడికించిన నీరు దేనిది, వెన్న వేశారా, ఏ నూనెలో వేయించారు అనే మూడు ప్రశ్నలనూ విడివిడిగా అడగాలి. థాయ్ భోజనశాలల్లో చేపల సాస్, మెక్సికన్ భోజనశాలల్లో చిక్కుడుగింజల ముద్దలో పందికొవ్వు ఉండే అవకాశం ఉన్నందున అక్కడా అడగక తప్పదు. మరునాడు మేము వెళ్ళిన థాయ్ భోజనశాలలో మా మాట విని చేపల సాస్ బదులు సోయా సాస్ వేసి చేసి ఇచ్చారు, రుచిగానే ఉంది.

ఈ ఊరిలో మమ్మల్ని నిజంగా ఆదుకున్నది నార్త్ కోస్ట్ కో-ఆప్ అనే సహకార దుకాణం. కొనుగోలుదారులే సభ్యులుగా చేరి నడుపుకునే ఈ సంస్థకు యురేకాలో ఒకటి, సుమారు ఎనిమిది మైళ్ళ దూరంలోని ఆర్కేటాలో ఒకటి దుకాణాలున్నాయి. విడిసరుకు అమ్మే వరుసలోకి అడుగుపెట్టగానే అమ్మ ముఖం వికసించింది. ఎర్ర కందిపప్పు వంటి మసూరు పప్పు, శనగలు, బియ్యం, జీలకర్ర, పసుపు, ధనియాలు డబ్బాల్లో పోసి ఉంటాయి. మనకు కావలసినంత గరిటెతో సంచిలో తీసుకుని, డబ్బా మీది అంకెను సంచి మీద రాసి కౌంటరు దగ్గర ఇస్తే చాలు. మూడు రోజులకు చారెడు జీలకర్ర చాలుననుకుంటే చారెడే కొనుక్కోవచ్చు. తెనాలి బజారులో కొట్టువాడు తూచి పొట్లం కట్టి ఇచ్చేవాడు, ఇక్కడ మనమే పొట్లం కట్టుకుంటున్నామని అమ్మ అన్నది.

అక్కడే ఆర్కేటాలోని టోఫు షాప్ వారు తయారుచేసే టోఫు, అంటే సోయా పాలను విరగ్గొట్టి పనీరులా చేసే ముద్ద, కొన్నాము. దూరం నుంచి ప్రయాణం చేసి వచ్చే డబ్బా టోఫుకూ దీనికీ ఉన్న తేడా చేతితో నొక్కి చూస్తేనే తెలుస్తుంది. గట్టిగా ఉంటుంది, నీరు కారదు, పచ్చి సోయా వాసన దాదాపు ఉండదు. దానిని చేత్తో చిదిమి, ఆవాలు, జీలకర్ర, పచ్చిమిర్చి, కరివేపాకు పోపులో పసుపు వేసి కలియబెట్టి దించితే అన్నంలోకి చక్కగా సరిపోయింది. కరివేపాకు, ఇంగువ, చింతపండు మాత్రం ఇంటినుంచే తీసుకువెళ్ళాము. మీరూ అలాగే చేయండి. మసూరు పప్పులో కేల్ ఆకు తరిగి వేసి చింతపండు పిండితే అచ్చం మన ఆకుకూర పప్పే. ఇక పెరుగు సంగతి. సోయా పాలు, కొబ్బరిపాలతో తోడుపెట్టినవి అరనిండా ఉన్నాయి కానీ, మొదటిసారి తొందరలో తెచ్చినది తియ్యగా ఉండి అమ్మ ఒక్క ముద్దతో ఆపేసింది. చక్కెర కలపలేదని స్పష్టంగా రాసి ఉన్న సోయా పెరుగును మరునాడు తెచ్చి, ఉప్పు, అల్లం ముక్కలు వేసి, పోపు పెట్టి కలిపితే, పులుపు కొంచెం తక్కువైందని అంటూనే మొత్తం తిన్నది. శనివారం ఆ ఊరిలో ఉండేవారు ఆర్కేటా కూడలిలో జరిగే రైతుబజారును వదులుకోవద్దు.

పట్టణం విషయానికి వస్తే, 1850లో వెలసిన ఈ ఊరి పాతవీధుల్లో చెక్కతో కట్టిన విక్టోరియన్ ఇళ్ళు ఈనాటికీ నిలిచి ఉన్నాయి. వాటిలో ప్రసిద్ధమైనది కలప వ్యాపారి విలియం కార్సన్ 1884 నుంచి 1886 వరకు కట్టించిన భవనం. అది ఇప్పుడు ఒక ప్రైవేటు క్లబ్బుది కనుక వీధిలోంచి చూసి రావలసిందే. ఆ నగిషీలు చూస్తూ మెచ్చుకుంటున్నప్పుడు కూడా, ఒకప్పుడు సుమారు 20 లక్షల ఎకరాల్లో ఉన్న ఆదిమ రెడ్‌వుడ్ అడవిలో, అంటే ఆకాశాన్నంటే ఎర్రచేవ చెట్ల అడవిలో, నేడు దాదాపు 5 శాతమే మిగిలిందన్న సంగతి నా మనసును వదలలేదు. రేవులోంచి చూస్తే ఎదురుగా కనిపించే టులువాట్ దీవి ఇక్కడి మూలవాసులైన వియోట్ ప్రజలకు పవిత్ర స్థలం. 1860 ఫిబ్రవరిలో, తమ వేడుక కోసం అక్కడ చేరిన వారిని, స్త్రీలనీ పిల్లలనీ చూడకుండా తెల్లవారు హతమార్చారు. ఆ దీవిలో తన చేతిలో ఉన్న భూమిని యురేకా నగరం 2019లో వియోట్ ప్రజలకు తిరిగి అప్పగించింది. ఆ చరిత్ర తెలియకుండా రేవులో తిరిగి రావడం నాకు సరికాదనిపించింది.

అడవికి ఒక రోజు చాలదు. ఊరికి దక్షిణంగా ఉన్న హంబోల్ట్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కులో 31 మైళ్ళ పాత రహదారి మహావృక్షాల నడుమగా సాగుతుంది. అక్కడి ఫౌండర్స్ గ్రోవ్‌లో నడక అర మైలే గనుక మోకాళ్ళ నొప్పులున్న అమ్మ కూడా మొత్తం తిరిగింది. 1991 మార్చిలో కూలిపోయిన డయర్‌విల్ జెయింట్ అనే రెడ్‌వుడ్ చెట్టు అక్కడే పడి ఉంది. నిలబడి ఉన్నప్పుడు దాని ఎత్తు 360 అడుగులకు పైమాటే. పక్కకు పడి ఉన్న మాను కూడా మన తలకన్నా ఎంతో ఎత్తున ఉంటుంది. "ముప్పై ఏళ్ళు దాటిందంటున్నావు, ఇంకా కుళ్ళలేదేమే?" అని అమ్మ అడిగింది. చేవలో ఉండే రసాయనాల వల్ల దీనికి చీడ, కుళ్ళు త్వరగా పట్టవని, ఇటువంటి చెట్లు రెండు వేల ఏళ్ళు దాటి కూడా బతకగలవని చెప్పాను. రావిచెట్టుకు మొక్కినట్లు రెండు చేతులూ ఆ మానుకు ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది.

భోజనానికి తెల్లవారుజామునే కలిపి తెచ్చిన పులిహోర తిన్నాము. అడవి పరిసరాల్లో వీగన్లకు తిండి దొరకడం బొత్తిగా కష్టం కనుక డబ్బా కట్టుకునే వెళ్ళాలి. ఆ తిండి విషయంలో ఈ పార్కుల వారు చేసే ఒక విన్నపం ఉంది: ఒక్క మెతుకు కూడా కింద వదలవద్దని. మార్బుల్డ్ మర్రెలెట్ అనే చిన్న సముద్రపు పక్షి గూడు కట్టదు. ఈ ముసలి చెట్ల మీద, నాచు పట్టిన వెడల్పాటి కొమ్మపై ఒకే ఒక గుడ్డు పెట్టి, ఆహారం కోసం సముద్రానికి ఎగిరి వెళ్ళి వస్తుంది. మనం వదిలిన మెతుకుల కోసం చేరే నీలిరంగు జే పక్షులు, బొంత కాకులు ఆ గుడ్లనూ పిల్లలనూ తినేస్తాయి. ఈ సంగతి చెప్పగానే అమ్మ కళ్ళజోడు సవరించుకుని, బల్ల కిందికి వంగి, పడిన మెతుకులూ వేరుశనగ పలుకులూ ఒక్కొక్కటే ఏరి డబ్బా మూతలో వేసింది.