పన్ను జివ్వుమన్నదానికి రూట్ కెనాల్ చేసేశారు, జాగ్రత్త

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగు గ్రూపుల్లో పది రోజులుగా తిరుగుతున్న ‘ఫ్రీ డెంటల్ చెకప్’ మెసేజీ చూసే ఉంటారు. ఆ క్లినిక్ పేరు రాయను, ఎవరో మీకే తెలుస్తుంది. నిన్న సాయంత్రం అక్కడ మా అమ్మకి బాగున్న పన్నును రూట్ కెనాల్‌కని, అంటే లోపలి నరం తీసేయడానికని, తొలిచేశారు.

ఈ చలికి పొద్దున్నే కుళాయి నీళ్ళు పుక్కిలిస్తే ఎడమవైపు కింది దవడ పన్ను జివ్వుమంటోంది. అమ్మ బాధ అంతే. నీళ్ళు ఉమ్మేయగానే పోతుంది. రాత్రి నిద్ర చెడలేదు, వేడి కాఫీకి ఏమీ కాదు, నమిలితే నొప్పి లేదు. ఎంతసేపు ఉంటుందని కూడా అడగకుండా ఆ డాక్టరు గాలి గొట్టం తెచ్చి పన్ను మీద ఊదాడు. అమ్మ కుర్చీలో ఉలిక్కిపడింది. "చూశారా అమ్మా, నరం చచ్చిపోయింది. ఇవాళే ఓపెన్ చేయకపోతే చీము పడుతుంది" అన్నాడట, చక్కటి తెలుగులో, చెయ్యి పట్టుకుని మరీ. ఈ ఊళ్ళో మన భాష మాట్లాడే డాక్టరు దొరికాడని అమ్మ నమ్మేసింది. నేను బయట కౌంటర్లో అడ్వాన్సు 4,000 కడుతున్నాను, ఎక్స్-రేకి అనుకుని. రసీదు పట్టుకుని లోపలికి వెళ్ళేసరికి మత్తిచ్చి డ్రిల్లింగ్ చేసేశారు.

చచ్చిన నరమైతే గాలికి మనిషి ఎందుకు ఉలిక్కిపడుతుంది? ఇదే అడిగాను. "మీరు డాక్టరా?" అని అసిస్టెంటు చేత తలుపు వేయించాడు. మొదటినుంచీ అమ్మ పక్కనే కూర్చోవలసింది, ఆ తప్పు నాదే.

చల్లదనానికి జివ్వుమంటోందంటే నరం బతికి ఉన్నట్టు. చిగురు జారినా, గట్టి బ్రష్షుతో అడ్డంగా రుద్ది రుద్ది పన్ను మొదట్లో అరిగినా పై పింగాణీ పొర కింద ఉండే డెంటిన్ పొర బయటపడుతుంది. అందులో కంటికి కనిపించనంత సన్నటి గొట్టాలుంటాయి, వాటి నిండా ద్రవం. చల్లటిది తగిలితే ఆ ద్రవం కదిలి నరాన్ని తడుతుంది. అమ్మ పన్నుకి చిగురు అంచున గోటికి తగిలేంత గాడి ఉంది. పొటాషియం నైట్రేట్ 5 శాతం ఉన్న పేస్టు, మెత్తటి బ్రష్షు, రోజుకి రెండు పూటలు. తోముకున్నాక ఉమ్మేసి ఊరుకోవాలి, నీళ్ళతో గబగబా పుక్కిలించేస్తే మందు పోతుంది. గుణం కనిపించడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. రెండ్రోజులకే పనిచేయలేదని మానేస్తారు చాలామంది. నిమ్మకాయ, చింతపండు పులుపు తిన్నాక అరగంట ఆగి తోముకోవాలి. గాడి లోతుగా ఉంటే ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు, లేదా పన్ను రంగు సిమెంటుతో పూడుస్తారు. దీనికి రూట్ కెనాల్ అక్కర్లేదు.

రూట్ కెనాల్ గురించి ఆలోచించవలసినప్పుడు నొప్పి తీరే వేరు. చల్లటిది తీసేశాక కూడా 30 సెకన్లు, ఆపైన లాగుతూ ఉంటుంది. వేడికి పెరిగి చల్లనీళ్ళు పట్టుకుంటే తగ్గుతుంది. ఏమీ తగలకుండానే అర్ధరాత్రి లేపుతుంది. చిగురు మీద చీము పొక్కు లేస్తుంది. కొన్నాళ్ళు బాగా నొప్పి పెట్టి హఠాత్తుగా ఊరుకున్న పన్ను, చల్లదనానికి ఉలుకూ పలుకూ లేని పన్ను, అసలు చచ్చిన నరం అక్కడ ఉంటుంది.

పరీక్ష చేసే పద్ధతి ఉంది. పన్ను ఆరబెట్టి, కోల్డ్ స్ప్రే కొట్టిన దూదిని ముందు పక్కనున్న మంచి పన్నుకి, తర్వాత బాధ ఉన్నదానికి పెట్టి, నొప్పి ఎన్ని సెకన్లు ఉందో లెక్కపెడతారు. అద్దం పిడితో తట్టి చూస్తారు. ఎక్స్-రే తీస్తారు. లోతైన పిప్పి, వేరు చివర నల్లటి నీడ అందులో కనిపిస్తాయి. నరం వాచిన కొత్తలో ఎక్స్-రే మామూలుగానే ఉండొచ్చు, అందుకే అదొక్కటే చూసి అవునని గానీ కాదని గానీ తేల్చరు. మాకు పన్ను తొలిచాక తీశారు ఎక్స్-రే. పిప్పి లేదు, నీడా లేదు.

ఈ చలికాలంలో ఇంకొకటి. జలుబు పట్టి, పై దవడ పళ్ళు నాలుగైదు ఒకేసారి బరువుగా నొప్పి పెట్టి, ముందుకి వంగితే ఎక్కువైతే అది సైనస్ కావొచ్చు. దానికీ పన్ను తెరిచేవాళ్ళున్నారు.

ఒకసారి తెరిచిన పన్ను మళ్ళీ పాత పన్ను కాదు. తెరిచిన చోట పెట్టే తాత్కాలిక సిమెంటును వారాల తరబడి వదిలేస్తే వదులై లాలాజలం లోపలికి దిగుతుంది, అప్పుడు నిజంగానే చీము పడుతుంది. కాబట్టి ఇక పూర్తి చేయించాల్సిందే, క్యాపుతో సహా. సోమవారం విక్టోరియా ఆసుపత్రి దగ్గరున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీకి తీసుకెళ్తున్నాం.

ఫ్రీ చెకప్ రోజున పన్ను తెరవనివ్వకండి. ఎక్స్-రే ఫోనుకి పంపించుకుని ఎండోడాంటిక్స్‌లో, అంటే రూట్ కెనాల్ వైద్యంలో, ఎం.డి.ఎస్. (పీజీ) చేసిన ఇంకొక డెంటిస్టుకి చూపించండి. పెద్దవాళ్ళని లోపలికి ఒంటరిగా పంపకండి. ముఖం వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా మాత్రం రెండో అభిప్రాయం కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.