స్నేహితులంతా ఒకే హోటల్ సూట్‌లో దిగాలనుకుంటున్నారా? బెంగళూరులో మాకు జరిగింది చదివి డబ్బు కట్టండి

బెంగళూరులో ఐదు నక్షత్రాల హోటల్లో పెద్ద సూట్ (పడకగది, విడిగా హాలు ఉండే పెద్ద గది) ఒకటి తీసుకుని, పదిమంది స్నేహితులు ఖర్చు పంచుకుని ఒక రాత్రి సరదాగా గడుపుదామని ఎవరైనా అనుకుంటూ ఉంటే, దయచేసి కాసేపు ఆగండి. మేము 11 మందిమి. తలకు 3 వేల రూపాయలతో తేలిపోతుందనుకున్నాం. తిండి ఖర్చు కాకుండానే మొత్తం 74,340 రూపాయలైంది. డబ్బు పోతే పోయింది. రాత్రి పదకొండు గంటలకు ఏడుగురు ఆడవాళ్లం సంచులు పట్టుకుని లాబీలో నిలబడవలసి వచ్చింది. అది మరెవరికీ జరగకూడదని రాస్తున్నాను.

మేమంతా తిరుపతిలో డిగ్రీ చదువుతున్నప్పుడు ఒకే హాస్టల్లో ఉన్నవాళ్లం. పదిహేనేళ్ల తర్వాత కలుసుకోవాలనుకున్నాం. హైదరాబాద్, అనంతపురం, కడప, మదనపల్లె, చెన్నై నుంచి అందరికీ అందుబాటులో ఉంటుందని బెంగళూరు ఎంచుకున్నాం. వేరువేరు గదులు తీసుకుంటే ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారు, హాస్టల్లోలాగా ఒకేచోట పడుకుని తెల్లవార్లూ మాట్లాడుకోవాలని అందరి కోరిక. అందుకే మహాత్మాగాంధీ రోడ్డుకు దగ్గర్లో ఒక పెద్ద హోటల్లో సూట్ చూశాం. పడకగది, విడిగా పెద్ద హాలు, భోజనాల బల్ల, మొత్తం 800 చదరపు అడుగులు. అద్దె 28,000, దానిమీద 18 శాతం జీఎస్టీ 5,040, వెరసి 33,040. పదకొండుతో భాగిస్తే తలకు సుమారు 3 వేలు.

బుక్ చేసేముందు నేనే స్వయంగా హోటల్‌కు ఫోను చేశాను. ‘మేము పదకొండు మందిమి, సరిపోతుందా’ అని అడిగాను. అవతలి వ్యక్తి ఏమాత్రం తడుముకోకుండా, ‘పన్నెండు మంది దాకా హాయిగా ఉండవచ్చు మేడమ్, హాలు చాలా పెద్దది’ అన్నాడు. ఆ మాట నమ్మి వెంటనే మొత్తం డబ్బు కట్టేశాను. తర్వాత తెలిసింది, ఆయన లెక్కలో ‘ఉండడం’ అంటే కూర్చోవడం. మా లెక్కలో పడుకోవడం. మేము పడిన కష్టమంతా ఈ ఒక్క మాట దగ్గరే మొదలైంది.

మెయిల్లో బుకింగ్ పత్రంగా వచ్చిన వోచర్‌ను మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ హాలు ఫొటో చూసి మురిసిపోయారు. ఆ ఫొటో కింద చిన్న అక్షరాల్లో ‘పెద్దలు: 2, పిల్లలు: 0’ అని ఉంది. పదకొండు మందిలో ఒక్కరం కూడా ఆ వరుస చదవలేదు.

శనివారం మధ్యాహ్నం మూడింటికి ముందుగా నలుగురం చేరాం. రెండు కీకార్డులు ఇచ్చారు. ఆ కార్డు ఆనిస్తే తప్ప లిఫ్ట్ కదలదు. మిగిలినవాళ్లు రైలు దిగి ఒకరు, బస్సు దిగి ఇద్దరు వస్తూ ఉంటే మాలో ఎవరో ఒకరు కిందికి దిగి తీసుకురావలసిందే. వచ్చిన ప్రతివారి పేరూ, ఫోను నంబరూ లాబీలో ఒక రిజిస్టర్‌లో రాయించుకున్నారు. అది సందర్శకుల రిజిస్టర్ అని గానీ, సందర్శకులు రాత్రి పదింటికల్లా వెళ్లిపోవాలని గానీ ఒక్కరైనా చెప్పలేదు. సంచులు చూశారు, పక్కదుప్పట్లు చూశారు, నవ్వుతూ లోపలికి పంపించారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. ఆ మాట సాయంత్రం ఆరింటికే చెప్పి ఉంటే మరో చోటు వెతుక్కునేవాళ్లం.

గదిలో అన్నీ రెండేసి ఉన్నాయి. రెండు తువ్వాళ్లు, రెండు నీళ్లసీసాలు, రెండు జతల చెప్పులు, రెండు కప్పులు. స్నానాలగది ఒక్కటే. పాలరాతి తొట్టి ఉంది, కానీ పదకొండు మందికి తలుపు ఒకటే. మంచం ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. ముగ్గురు పడుకుంటే నిండిపోతుంది. సోఫాలు చూడడానికి బాగున్నాయి గానీ పరుపులా తెరుచుకునే రకం కావు.

పదిన్నరకు ఫోను మోగింది. ఆ వెంటనే డ్యూటీ మేనేజర్ కాగితం పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చాడు. ఈ సూట్‌లో నిద్రించడానికి అనుమతి ఇద్దరికే అన్నాడు. అదనపు మంచాలు రెండు వేయగలం, ఒక్కోటి 3,500, పన్నుతో 4,130, మిగిలిన ఏడుగురూ వెళ్లిపోవాలి అన్నాడు. ఫోనులో మాకు చెప్పిన మాట గుర్తుచేస్తే, ‘అది సాయంత్రం కూర్చునే అతిథుల గురించి’ అన్నాడు. గొంతు పెంచలేదు, మర్యాదగానే మాట్లాడాడు. కానీ ఒక్క మెట్టు కూడా దిగలేదు.

నేను ఇంకా వాదిస్తూ ఉండగానే మదనపల్లె నుంచి వచ్చిన స్నేహితురాలు చీర మడతపెట్టి సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. ‘ఊరుకోవే, నేను మెజెస్టిక్‌కు వెళ్లి రాత్రి బస్సు ఎక్కేస్తానులే, మీరు ఉండండి’ అంది. పిల్లలకు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో వచ్చిన మనిషి. ఆ మాట విన్నాక నాకు నోరు పెగల్లేదు.

చివరికి అదే హోటల్లో మరో రెండు గదులు తీసుకున్నాం. ఆ వేళకు చెప్పిన ధర ఒక్కోటి 11,500, పన్నుతో 13,570. బేరానికి తావే లేదు. మాలో ఒకరి ఇల్లు మారతహళ్లిలో ఉంది. ఆమె ఇద్దరిని వెంటబెట్టుకుని క్యాబ్‌లో వెళ్లిపోయింది. పదిహేనేళ్ల తర్వాత ఒకే కప్పు కింద పడుకోవాలని వచ్చినవాళ్లం మూడు అంతస్తులకూ మారతహళ్లికీ చెదిరిపోయాం.

అదనపు మంచాలు వేయడానికి వచ్చిన హౌస్‌కీపింగ్ ఆయన మన చిత్తూరు వైపు మనిషి. దుప్పట్లు పరుస్తూ, ‘ప్రతి శనివారం ఇదే గొడవ అమ్మా. ఫోనులో ఒకరు ఒప్పుకుంటారు, ఇక్కడ ఇంకొకరు కాదంటారు’ అన్నాడు. మర్నాడు బిల్లు చూస్తే మరో గొడవ. సోఫా మూల మీద అరచేయంత మేర కేకు క్రీము అంటిందని శుభ్రపరచినందుకు 5,000, దానిమీద పన్ను 900 వేశారు. ఆ మరకను రాత్రే తడిగుడ్డతో తుడిచేశాం. కానీ తుడిచాక ఫొటో తీసి పెట్టుకోలేదు. చెక్ ఇన్ అప్పుడు నా డెబిట్ కార్డు మీద ఆపి ఉంచిన 10,000 రూపాయల డిపాజిట్‌లోంచి అది కోసుకున్నారు. మిగిలిన 4,100 ఖాతాలోకి రావడానికి ఆరు పనిదినాలు పట్టింది. డిపాజిట్‌కు క్రెడిట్ కార్డే ఇవ్వండి. డెబిట్ కార్డు మీద ఆపితే మీ ఖాతాలోని సొమ్మే ఆగిపోతుంది, ప్రయాణంలో చేతికి అందదు.

హోటల్ వాళ్లు మనుషుల లెక్క పెట్టడం తప్పని నేను అనడం లేదు. బస చేసే ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు వివరాలూ వాళ్లు రాసుకోవాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు వస్తే 24 గంటల్లోగా వాళ్ల వివరాలు అధికారులకు తెలియజేయాలి. నిప్పు భయం మరీ ముఖ్యం. 2010 ఫిబ్రవరి 23న ఇదే బెంగళూరులో కార్ల్‌టన్ టవర్స్ భవనంలో మంటలు చెలరేగి 9 మంది చనిపోయారు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక హోటల్లో పొగకు 8 మంది బలయ్యారు. జాతీయ భవన నిర్మాణ నియమావళిలో నివాస భవనాలకు మెట్లు, బయటికి వెళ్లే దారులు లెక్కగట్టేటప్పుడు మనిషికి 12.5 చదరపు మీటర్ల చొప్పున తీసుకుంటారు. 800 చదరపు అడుగులంటే సుమారు 74 చదరపు మీటర్లు. ఆ లెక్కన చూసినా ఆరుగురి చోటు అది. కాబట్టి కాపలావాళ్ల కన్నుగప్పి లోపల దూరదామని మాత్రం ఎవరూ ఆలోచించకండి. మా ఫిర్యాదు ఆ నియమం మీద కాదు. డబ్బు తీసుకునేటప్పుడు పన్నెండు, పడుకునేటప్పుడు రెండు అన్నందుకే.

ఇంటికి వచ్చాక కూర్చుని లెక్క వేస్తే మరో సంగతి బయటపడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న హోటల్ గదికి జీఎస్టీ 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది. 7,500 దాటితే 18 శాతం. సూట్ ఒక్కటే తీసుకున్నా దాని అద్దె మొత్తం మీదా 18 పడుతుంది. అదే 4,500 రూపాయల గదులు ఆరు తీసుకుంటే, పన్నుతో ఒక్కోటి 4,725, ఆరూ కలిపి 28,350. అంటే 11 మందికీ మంచం, ఆరు స్నానాలగదులు, మేము సూట్‌కు మొదట కట్టినదానికంటే 4,690 తక్కువకే వచ్చేవి. పాలరాయి ఉండదు, అంతే. తిండి సంగతీ ఇలాగే. ఖరీదైన గదులున్న హోటళ్లలోని రెస్టారెంట్లలో సాధారణంగా 18 శాతం పన్ను వేస్తారు, బయట మామూలు రెస్టారెంట్లలో 5 శాతమే.

ఆ రాత్రి భోజనం బిల్లులో సర్వీస్ ఛార్జీ అని 10 శాతం అదనంగా కలిపారు. అది మనం ఇష్టపడి ఇస్తేనే. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న ఈ మేరకు మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మా చెన్నై స్నేహితురాలు ఈ సంగతి చెప్పగానే మారుమాట లేకుండా తీసేశారు. అడగకపోతే కట్టేసేవాళ్లం.

కాబట్టి సూట్ తీసుకోవాలని అంతగా అనిపిస్తే, ఫోనులో చెప్పిన ఏ మాటనూ లెక్కలోకి తీసుకోకండి. మెయిల్ రాయండి. రాత్రి నిద్రించేవాళ్లు ఎంతమంది, వాళ్ల పేర్లేమిటి అన్నది మీరే రాసి, ఆ సంఖ్యను వోచర్‌లో వేసి పంపమనండి. ‘ఉండవచ్చా’ అని కాదు, ‘రాత్రి పడుకోవచ్చా’ అని అడగండి. అదనపు మంచాలు ఎన్ని పడతాయి, ఒక్కోదానికి పన్నుతో సహా ఎంత, సందర్శకులు ఎన్ని గంటల వరకు ఉండవచ్చు, బయటి కేకు, తిండి, బెలూన్లు తెచ్చుకోవచ్చా, డిపాజిట్ ఎంత ఆపుతారు, అన్నీ అదే మెయిల్లో అడగండి. జవాబు రాకపోతే డబ్బు కట్టకండి. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు గనక చాలాచోట్ల ఒప్పుకోరు. అందరినీ ఆధార్ గానీ, ఓటరు కార్డు గానీ తెచ్చుకోమనండి. గదిలో అడుగుపెట్టగానే, మళ్లీ ఖాళీ చేసేముందు, సోఫాలు, తివాచీ, మంచం వీడియో తీసి పెట్టుకోండి.

అందరూ ఒకే కప్పు కింద ఉండాలన్నదే ముఖ్యమైతే, మూడు నాలుగు పడకగదుల సర్వీస్ అపార్ట్‌మెంట్లు కోరమంగళ, ఇందిరానగర్, వైట్‌ఫీల్డ్ వైపు దొరుకుతాయి. అక్కడా మనుషుల సంఖ్య రాతపూర్వకంగా తీసుకోవలసిందే. చిన్నస్వామి స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజుల్లోనూ, రెండేళ్లకోసారి యెలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగే వారంలోనూ వెళ్లకపోవడం మంచిది. ఆ రోజుల్లో మాలాగా అర్ధరాత్రి మరో గది కావాలంటే ఎంత అడిగితే అంత ఇవ్వాలి.

మేము జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాం. దాని తర్వాత హోటల్ వాళ్లు శుభ్రపరచినందుకు పట్టుకున్న 5,900 వెనక్కి ఇచ్చారు. ఎందుకంటే మరక ఫొటో చూపించమంటే వాళ్ల దగ్గర కూడా లేదు. గదులకు, మంచాలకు కట్టిన 35,400 మాత్రం ఇవ్వబోమన్నారు. ఫోనులో ఇచ్చిన మాటకు మా దగ్గర రుజువేదీ లేదు, వోచర్‌లో ఇద్దరనే ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి ఇంకా ఉంది. రెండేళ్ల గడువు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు, మనం నివసించే ఊళ్లోనే వేయవచ్చు, ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. ఆ కాగితాలు సిద్ధం చేస్తున్నాం.

ఈ శని, ఆదివారాలకు ఇప్పటికే ఎవరైనా ఇలా బుక్ చేసి ఉంటే, ఇప్పుడే వోచర్ తెరిచి ఫొటో కింద ఉన్న చిన్న అక్షరాలు చదవండి. మీ సంఖ్య అక్కడ లేకపోతే ఈరోజే హోటల్‌కు మెయిల్ పెట్టండి. ఉచితంగా రద్దు చేసుకునే గడువు చాలా హోటళ్లలో ఒకటి రెండు రోజుల ముందే ముగిసిపోతుంది.