సిబిల్ ఉచిత రిపోర్టు: స్కోరు సరే, కింది పేజీలు చదివారా?

మన అప్పులు, వాటి చెల్లింపుల రికార్డు ఉంచే కంపెనీ సిబిల్. ఆ పేరు అనగానే ఎవరైనా అడిగేది స్కోరు ఎంత అనే. 300 నుంచి 900 మధ్యలో ఒక అంకె. 750 దాటితే సంబరం, తగ్గితే దిగులు. జీతం చేతికొస్తున్నా నెలాఖరుకు లెక్క తేలనివాళ్లకు ఆ అంకెతో ఒరిగేది తక్కువ. దాని కింద ఉండే రిపోర్టు మాత్రం వేలు పోసి చేరే ఫైనాన్స్ కోర్సులకన్నా నయం. పైగా ఉచితం.

ఉచితంగా ఇస్తున్నది కంపెనీ దయతో కాదు, రిజర్వు బ్యాంకు ఆదేశంతో. 2017 నుంచి ఇలాంటి ప్రతి కంపెనీ, అంటే క్రెడిట్ బ్యూరో, ఏడాదికోసారి పూర్తి రిపోర్టు పైసా తీసుకోకుండా ఇవ్వాలి. మన దేశంలో ఇవి నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఒకదాంట్లో ఉన్న తప్పు ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు కాబట్టి మొదటిసారి నాలుగూ ఒకేరోజు తీయండి. మరుసటి ఏడాది నుంచి మూడు నెలలకొకటి చాలు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గుతుందనే భయం చాలామందికి ఇంకా పోలేదు. తగ్గదు.

తీయడం పది నిమిషాల పని. సిబిల్ సైట్‌లో పేరు, పాన్, పుట్టిన తేదీ, మొబైల్ నంబరు, ఓటీపీ. నచ్చనిది ఆ తర్వాతే: డబ్బు కట్టే ప్లాన్లు ముందుకొచ్చి నిలబడతాయి. అవేవీ వద్దని చెప్పి ముందుకెళ్లే లింకు వెతుక్కోవాలి. తొందరలో కార్డు నంబరు కొట్టకండి.

రిపోర్టు తెరిచాక ముందు పేరు, పుట్టిన తేదీ, చిరునామాలు సరిచూడండి. మన పేర్లతో తంటా ఎక్కువ: ఒక బ్యాంకులో ఇంటిపేరు పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా, పాన్‌లో వెనకాముందుగా. అదే పేరున్న ఇంకొకరి లోను మీ ఖాతాలో వచ్చి కూర్చోవడానికి ఇదొక దారి.

అసలు సరుకు అకౌంట్ల భాగంలో ఉంటుంది. ఒక్కో లోనుకు, కార్డుకు విడిగా పట్టిక. తాకట్టు పెట్టిన బంగారం, ఈఎంఐలో కొన్న ఫోను, అన్నీ వస్తాయి. పేరు తెలియని ఫైనాన్స్ కంపెనీ కనిపిస్తే వెంటనే మోసం అనుకోకండి. ‘ఇప్పుడు కొనండి, తర్వాత కట్టండి’ అనే యాప్ ముందు ఉంటుంది, డబ్బిచ్చిన కంపెనీ వెనక ఉంటుంది, రిపోర్టులో వచ్చేది వెనకున్న దాని పేరు. తేదీ, మొత్తం చూస్తే గుర్తుపట్టొచ్చు. ‘ఓనర్‌షిప్’ అన్న గడిలో ‘గ్యారంటర్’ అని ఉంటే అది బావమరిది లోనుకో, స్నేహితుడి లోనుకో మీరు పెట్టిన ష్యూరిటీ సంతకం. అతను ఎగ్గొడితే మచ్చ మీకూ పడుతుంది.

ప్రతి అకౌంటు కింద నెలలవారీగా చిన్న గడులు, 36 నెలల దాకా. వాటిని డీపీడీ అంటారు, గడువు దాటి ఎన్ని రోజులైందో చెప్పే లెక్క. 000 అంటే సకాలంలో కట్టినట్టు. 030 అంటే నెల ఆలస్యం. అక్కడక్కడా 004, 006 లాంటివి పదేపదే కనిపిస్తే డబ్బు లేక కాదు, తేదీలు కుదరకే కావచ్చు: జీతం 5న, ఈఎంఐ 3న. ఒక్కో బౌన్సుకు బ్యాంకు ఒక చార్జీ, లోనిచ్చినవాళ్లు ఇంకో చార్జీ వేస్తారు. ఈఎంఐ తేదీ మార్చమని రాతపూర్వకంగా అడగండి. కుదరదంటే రెండు ఈఎంఐలకు సరిపడా డబ్బు ఆ ఖాతాలో ఎప్పుడూ ఉంచండి. 2025 జనవరిలో బ్యాంకులు 15 రోజులకోసారి వివరాలు పంపడం మొదలుపెట్టాయి, కాబట్టి చిన్న ఆలస్యాలు కూడా తొందరగా ఎక్కుతాయి.

ఈ రిపోర్టు పచ్చిగా మోసపుచ్చే చోటు క్రెడిట్ కార్డు. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం, కట్టినా గడిలో 000 పడుతుంది. చూడ్డానికి అంతా శుభ్రం. లెక్క చూడండి: 50,000 బాకీ, నెలకు 3.5 శాతం వడ్డీ, 5 శాతం మినిమమ్ అనుకుందాం. వడ్డీ 1,750, దానిమీద 18 శాతం జీఎస్టీ 315, కలిపి 2,065. మీరు కట్టే 2,500లో అసలుకు చేరేది 435. కొత్తగా ఏమీ కొనకుండా ఏడాదంతా అలాగే కడితే 28,000 పైగా జేబులోంచి పోతుంది, బాకీ 5,000 కూడా తగ్గదు. వరసగా సున్నాలున్నా కార్డు బ్యాలెన్స్ కదలకుండా ఉంటే ముందు ఆ కార్డును డ్రాయర్లో పడేయండి.

ఇక ‘సెటిల్డ్’ అన్న మాట. రికవరీవాళ్లు సగం కట్టండి, వదిలేస్తాం అంటే హాయిగా ఉంటుంది. రిపోర్టులో మాత్రం అది ‘క్లోజ్డ్’ కాదు, పూర్తిగా కట్టలేదన్న గుర్తు. మిగిలింది కట్టి, బాకీ లేదనే నో డ్యూస్ లెటర్ తీసుకుని, ‘క్లోజ్డ్’గా మార్పించుకోవచ్చు. లోను అడిగినప్పుడు మీ రిపోర్టు ఎవరెవరు తీశారో చెప్పే ఎంక్వైరీల పేజీ కూడా ఓసారి చూడండి. ఒకే వారంలో ఐదు చోట్ల లోనుకు అప్లై చేస్తే ఐదూ కనిపిస్తాయి, ఇచ్చేవాడికి కంగారు పుడుతుంది.

ఇందులో లేనివీ ఉన్నాయి. ఎఫ్‌డీలు ఉండవు, ఊళ్లో నోటు రాసి తెచ్చిన అప్పు అసలే ఉండదు. అందుకే రిపోర్టు పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకోవాలి. ప్రతి అప్పుకూ బాకీ, ఈఎంఐ, వడ్డీ రేటు, చివరి నెల రాయండి. రేటు గడి ఖాళీగా ఉంటే లోను స్టేట్‌మెంట్లో వెతకండి. నోటు అప్పు కూడా కలపండి. ఈఎంఐల మొత్తం చేతికొచ్చే జీతంలో సగానికి చేరువైతే కొత్త లోను మాట మానేసి, ఎక్కువ వడ్డీదాన్ని ముందు తెంపాలి.

తప్పు దొరికితే సైట్‌లోనే డిస్ప్యూట్ (అభ్యంతరం) వేయొచ్చు, రుసుము లేదు. ‘రిపోర్టు తప్పు’ అని గుండుగుత్తగా రాయకుండా ఏ అకౌంటు, ఏ గడి, సరైనది ఏమిటో ఎంచుకోవాలి. బ్యూరో సొంతంగా ఏదీ దిద్దదు, లోనిచ్చిన సంస్థ ఒప్పుకోవాలి. అందుకే అదే ఫిర్యాదు బ్యాంకుకు కూడా మెయిల్ చేయండి. గడువు 30 రోజులు. దాటితే 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉన్న నిబంధన కింద రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి. అది ఎగ్గొట్టినా, కారణం చెప్పకుండా తిరస్కరించినా రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల సైట్ సీఎంఎస్ పోర్టల్లో, ఇలాంటి తగాదాలు తేల్చే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకు 14448. రోజుల లెక్క మొదటి ఫిర్యాదు నుంచే మొదలవుతుంది కాబట్టి ఆ రోజు స్క్రీన్‌షాట్, ఫిర్యాదు నంబరు ఫోన్లో కాకుండా మెయిల్లో దాచుకోండి.