బరంపురం పాత బస్టాండు దగ్గర చేయించుకున్న చలవ కళ్ళద్దాలు: ఒడ్డున పనిచేసేవాళ్ళ కోసం

నలభై దాటి, పొద్దున్నుంచి ఎండలో ఉండే పని మీదైతే ఈ షాపుకి వెళ్ళి కూలింగ్ గ్లాసులు చేయించుకోమని గట్టిగా చెబుతాను. ధర తక్కువేం కాదు. రెండు మూడు ఇబ్బందులు కూడా ఉన్నాయి, అవీ రాస్తాను. కానీ ఏ అద్దం ఏం ఆపుతుందో మన కళ్ళ ముందే పెట్టి చూపించిన షాపు నాకు ఇదొక్కటే కనిపించింది. ఓనరు పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. పాత బస్టాండు దగ్గర సందులో, మెట్లెక్కి వెళ్ళాల్సిన చిన్న షాపు. తెలుగు, ఒడియా రెండూ మాట్లాడతారు.

మాది ఆర్యపల్లి వైపు. మా ఆయనా నేనూ ఒడ్డున వేలంలో చేపలు కొని బరంపురం పంపిస్తాం. తెల్లారాక బోట్లు ఒక్కొక్కటే వస్తాయి. ఆ వేళకి సూర్యుడు సరిగ్గా నీళ్ళ మీద, మన మొహానికి ఎదురుగా ఉంటాడు. చందువలు, వంజరాలు వేరు చేయించి, పాట పాడి, పుస్తకంలో రాసుకుని, ఐసు వేయించేసరికి ఎండ బాగా ముదిరిపోతుంది. నేను తలకి చెంగు కప్పుకున్నా, మగవాళ్ళు తువ్వాలు చుట్టుకున్నా ఆగేది పైనుంచి పడే ఎండే. ఎదురుగా వచ్చేది, కింద నుంచి తిరిగి కొట్టేది ఆగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం అతినీలలోహిత కిరణాల్లో, అంటే యూవీలో, పొడి ఇసుక 15 శాతం దాకా, సముద్రపు నురగ 25 శాతం దాకా వెనక్కి కొడతాయి. మేం నిలబడేది ఆ ఇసుకకీ ఆ నురగకీ మధ్యనే.

నేను వెళ్ళింది చత్వారం కోసం. తూకం రాసే పుస్తకం చెయ్యి చాపి పట్టుకుంటే తప్ప కనపడడం లేదు. మా మరిదిని కూడా బలవంతాన వెంటబెట్టుకు వెళ్ళాను. అతను వేటకి వెళ్తాడు. రెండు కళ్ళలోనూ ముక్కు వైపున తెల్లగుడ్డు మీద ఎర్రగా కండ పెరిగి, నల్లగుడ్డు అంచుకి చేరింది. డాక్టర్లు టెరీజియం అంటారు. మా వాడలో చాలామందికి ఉంది. అది నల్లగుడ్డు మధ్యకి పాకితే చూపు మసకబారుతుంది. ఆపరేషన్ చేసి తీసినా కొందరికి మళ్ళీ పెరుగుతుంది.

ఆ కండ ఎక్కువగా ముక్కు వైపే ఎందుకు పెరుగుతుందో కంటి డాక్టరమ్మ చెప్పింది. కణత వైపు నుంచి ఏటవాలుగా వచ్చే వెలుతురు నల్లగుడ్డులో వంగి, అవతలి అంచున, అంటే ముక్కు పక్కన, ఒకచోట పోగుపడుతుందట. ఆస్ట్రేలియాలో మినాస్ కొరోనియో అనే కంటి డాక్టరు ఈ సంగతి వివరించారు. ఇది విన్నాక నాకు అర్థమైంది, ముందు మాత్రమే అద్దం ఉండి పక్కలు తెరిచి ఉన్న జోడు మా పనికి చాలదని.

శుక్లాల సంగతి కూడా అప్పుడే అడిగాను, మా అత్తకి రెండు కళ్ళూ ఆపరేషన్ అయ్యాయి కాబట్టి. అమెరికాలో చెసపీక్ అఖాతంలో పీతలూ చేపలూ పట్టే 838 మందిని పరీక్షించి 1988లో ఒక పరిశోధన ప్రచురించారు. ఎవరు ఎన్నేళ్ళు నీళ్ళ మీద ఉన్నారు, టోపీ పెట్టుకున్నారా, కళ్ళజోడు ఉందా అన్నీ లెక్కగట్టారు. కంటికి తగిలిన యూవీ-బీ (యూవీలో ఒక రకం) మొత్తం రెట్టింపైతే, కార్టికల్ అనే రకం శుక్లం వచ్చే అవకాశం 1.6 రెట్లు అయిందని తేలింది. శుక్లాలకి వయసు, షుగరు, పొగతాగడం లాంటి కారణాలు చాలా ఉన్నాయి. అయినా ఆ 838 మందీ మనలాంటి పనివాళ్ళే కదా అనిపించి ఆ అంకె నా మనసులో ఉండిపోయింది.

ఇక షాపు. ఓనరు ముందుగా దొంగనోట్లు పట్టుకునే చిన్న ఊదారంగు టార్చి తీశారు. ఐదొందల నోటు మీద వేస్తే నెంబరు మెరిసింది. నా బ్యాగులో తీర్థంలో కొన్న నల్లటి జోడు ఉంటే అడిగి తీసుకుని, టార్చికీ నోటుకీ మధ్య పెట్టారు. నెంబరు ఇంకా మెరుస్తూనే ఉంది. తర్వాత రంగే లేని, నీళ్ళలా తేటగా ఉన్న అద్దం ఒకటి పెట్టారు. మెరుపు పోయింది. "అమ్మా, రంగు వెలుతురుని తగ్గిస్తుంది అంతే. యూవీని ఆపేది వేరే. ఉత్త నలుపైతే కంటిపాప విచ్చుకుంటుంది, యూవీ ఇంకా లోపలికి పోతుంది" అన్నారు. మా మరిది తన జేబులోది కూడా ఇచ్చాడు, అది రోడ్డు పక్కన కొన్నదే. అది మెరుపుని ఆపేసింది. చవకవన్నీ పనికిరావని ఆయన అనలేదు, ఆ జోడు వాడుకోవచ్చనే చెప్పారు. అమ్ముకునే మనిషి అలా చెప్పడం నాకు బాగా నచ్చింది. కొనేటప్పుడు యూవీ400 అని ఉందో లేదో చూడమన్నారు. 400 నానోమీటర్ల దాకా ఉన్న యూవీ కిరణాలన్నిటినీ ఆపుతుందని దాని అర్థం.

కొలతలు తీసుకున్న తీరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నన్ను చిన్న పీట మీద కూర్చోబెట్టి, వేలం దగ్గర పుస్తకం ఎలా పట్టుకుంటానో అలాగే పట్టుకోమన్నారు. ఆ దూరానికే దగ్గరి పవరు పెట్టారు. బైఫోకల్‌లో, అంటే పైన దూరానికీ కింద దగ్గరికీ పవరున్న అద్దంలో, కింది ముక్క మామూలు కంటే కాస్త కిందికి దించి వేయించారు. ఇసుకలో తలవంచి నడిచేటప్పుడు ఆ ముక్కలోంచి చూస్తే నేల మసకగా కనిపించి అడుగు తడబడుతుందట. ఇప్పుడు తాళ్ళూ వలలూ పరిచిన చోట కూడా నాకు ఇబ్బంది లేదు.

నాది గోధుమ రంగు పోలరైజ్డ్ అద్దం, చుట్టూ వంగి కణతల దాకా కప్పే ఫ్రేము, మొత్తం 2,600 అయింది. పోలరైజ్డ్ వల్ల నీళ్ళ మీది తళతళ ఒక్కసారిగా తగ్గింది, బోటు ఎవరిదో దూరం నుంచే తెలుస్తోంది. ఎండకి కళ్ళు చికిలించడం తగ్గి, మధ్యాహ్నం వచ్చే తలనొప్పి కూడా చాలావరకు పోయింది. అయితే ఫోన్ ఒకవైపు తిప్పితే తెర నల్లగా అయిపోతుంది. డబ్బులు వేసేవాళ్ళు ఫోన్ చూపిస్తే నేను తల వంచి చూడాల్సి వస్తోంది. మా మరిదికి ఇదే అద్దం వేయించబోతే ఓనరే ఆపారు. బోటులో జీపీఎస్ తెర సరిగ్గా కనపడకపోతే ప్రాణాల మీదకి వస్తుందన్నారు. అతనికి పోలరైజ్డ్ కాని బూడిదరంగు యూవీ400, 1,500కి ఇచ్చారు. కండ దీనితో కరిగిపోదని, ఇకముందు ఎండ తగలకుండా కాపాడుకోవడమే మన చేతిలో ఉందని స్పష్టంగా చెప్పారు.

ఇబ్బందులు. చెప్పిన రోజుకి నా జోడు తయారు కాలేదు, బైఫోకల్ అద్దం బయట ఊరి నుంచి రావాలట. ఫోన్ చేసి చెప్పి ఉంటే అంత దూరం ఊరికే తిరిగేదాన్ని కాదు. ఉప్పుగాలికి ఫ్రేము స్క్రూలు త్వరగా తుప్పు పట్టాయి. డబ్బు తీసుకోకుండా తుప్పు పట్టనివి వేశారు గానీ, మేం ఏ పని చేస్తామో తెలిసి మొదటే వేయాల్సింది. అద్దం మీద ఉప్పు పేరుకుంటే చెంగుతో తుడవకండి, గీతలు పడతాయి. ముందు మంచినీళ్ళు పోసి కడిగి, తర్వాత వాళ్ళిచ్చే మెత్తటి గుడ్డతో అద్దాలి. మెడలో వేలాడే తాడు అడిగితేనే ఇస్తారు, వేటకి వెళ్ళేవాళ్ళు తప్పక అడగండి.

ఒడ్డున ఆడవాళ్ళు చాలామంది ఇవి పెట్టుకోవడానికి సిగ్గుపడుతున్నారు. నన్ను కూడా మొదట్లో తేరిపార చూశారు. కన్ను ఎర్రబడితే మందుల షాపులో చుక్కలు కొని వేసుకోవడానికి మాత్రం ఎవరికీ సిగ్గు లేదు. ఆ చుక్కల్లో కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరుకి చూపించకుండా నెలల తరబడి వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, శుక్లం కూడా రావచ్చు. అక్కల్లారా, ఆ చుక్కలు మానండి, జోడు పెట్టుకోండి. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి కంటి డాక్టరుకి చూపించుకోండి.

వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్ళండి, అప్పుడు ఓనరే ఉంటారు. పొద్దున కూర్చునే కుర్రాడు రంగులు చూపిస్తాడు గానీ టార్చి తీయడు, అడిగి తీయించుకోవాలి. మీరు రోజూ చేసే పని ఏదో, చేతిలో ఏం పట్టుకుంటారో ముందే చెప్పండి. పాత జోడు ఏది ఉన్నా పట్టుకెళ్ళండి, డబ్బు తీసుకోకుండా పరీక్ష చేసి చెబుతారు.