బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉంటే బాలింత ఎక్కడుండటం మేలు?

నెలలు నిండకముందే కాన్పయి, బిడ్డను ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్‌లో) 'పెట్టెలో పెట్టారు' అనగానే పెద్దవాళ్లనే మాట ఒకటే: "పచ్చి బాలింత, ఇక్కడేం కూర్చుంటుంది, ఇంటికి తీసుకెళ్దాం." ప్రేమతో అన్నదే. కుట్లు మానాలి, కంటినిండా నిద్ర కావాలి. అవి ఆసుపత్రి వరండాలో దొరకవు. కానీ ఇంట్లో ఆ తల్లికి నిద్ర పట్టదు. ఫోన్ మోగినా భయమే, మోగకపోయినా భయమే. పాలు రోజుకు 8 నుంచి 10 సార్లు, రాత్రిపూట కూడా పిండాలి. తప్పితే పాలు తగ్గి, "ఇదీ చేయలేకపోయాను" అనే బాధ తోడవుతుంది.

బిడ్డ దగ్గరుంటే చేతికి పని ఉంటుంది. తక్కువ బరువు పిల్లలకు రోజుకు 8 నుంచి 24 గంటలు కంగారూ సంరక్షణ (బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెకు ఆనించుకోవడం) ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. టోపీ, డైపర్, సాక్సులతో బిడ్డను రొమ్ముల మధ్య నిలువుగా ఆనించి, తల ఒక పక్కకు తిప్పి, మెడ ముందుకు వంగకుండా గుడ్డతో కట్టాలి. ఒకసారి తీసుకుంటే కనీసం గంట. మాటిమాటికీ తీసి పెట్టడం బిడ్డకు శ్రమ. బయటికి తీయలేని బిడ్డకైతే నర్సును అడిగి ఒక చేయి తలమీద, ఒకటి పాదాల దగ్గర కదపకుండా ఉంచండి. నిమరొద్దు, పసికందు తట్టుకోలేదు.

అందుకే మా ఓటు దగ్గరుండటానికే. అయితే పగలూ రాత్రీ మానిటర్ అంకెలు చూస్తూ కూర్చుంటే అదే తల్లిని కుంగదీస్తుంది. బిడ్డ ఒంటికి పెట్టిన ప్రోబ్ (సెన్సర్) వదులైనా అలారం మోగుతుందని ముందే చెప్పించుకోండి. నడిచి వెళ్లే దూరంలో పడక చూసుకుని, రాత్రి 4, 5 గంటలు ఏకధాటిగా పడుకోనివ్వండి. ఆ వేళ తండ్రి కంగారూ సంరక్షణ ఇవ్వొచ్చు. గది దొరకకపోతే రాత్రికి ఇంటికెళ్లినా సరే, పొద్దున వార్డు నుంచి కబురు ఏ వేళకు, ఎవరు చెబుతారో ముందే ఖాయం చేసుకోండి.

దగ్గరున్నంత మాత్రాన డిప్రెషన్ రాదని కాదు. మొదటి వారంలో వచ్చే ఏడుపు రెండు వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే కాన్పు తర్వాతి డిప్రెషన్‌ను పసిగట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళి అడిగించండి: 10 ప్రశ్నలు, గడిచిన 7 రోజుల గురించి. మొత్తం స్కోరు 13 గానీ, అంతకు మించి గానీ వస్తే మానసిక వైద్యుడిని కలవాలి. తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అనే పదో ప్రశ్నకు 'ఎప్పుడూ లేదు' కాక మరే జవాబు వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆరోజే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. బిల్లులు, మందుల చీటీలు పట్టుకుని తిరిగే తండ్రిని "నువ్వెలా ఉన్నావు?" అని ఎవరూ అడగరు. ఆయన్నీ అడగండి.